వంటింటి కప్పుకు తామరలు

అన్నా,

గ్లాస్గోల చలి ముదిరింది, మేం మంచిగనే ఉన్నం. నిన్న ఇక్కడి మ్యూజియంల చైనా రాజుల మహలు పైకప్పు నమూనా కట్టి పెట్టిండ్రు. ఏం సొగసు అన్నా! కట్టెల మహలుకు అగ్గి అంటొద్దని కప్పు నిండ తామరలు, నీటిమొక్కలు చెక్కి రంగులేసేటోళ్లంట. నడుమ నీళ్లను ఏలే డ్రాగన్. మెడ నొచ్చేదాక చూసిన.

"రాజుకు కూడా భయమేనా?" అని నా బిడ్డ రిషిత ఇంగ్లీషుల అడిగింది.

నువ్వు పటాల మీద వేసే తామరలే యాదికొచ్చినయ్. మా కిచెన్ కప్పుకు రెండు పెద్దగ గీసి పంపు. స్మోక్ అలారం పక్కన జాగ ఉన్నది.

పోయిన నెల కడాయిల నూనె అంటుకున్నప్పటి సంది రిషిత భయపడుతున్నదని ఫోన్‌ల చెప్పిన గదా. అది ఎన్నడో మరిచింది. స్టవ్ ముట్టలేక ఇంకా టేకవే తెప్పిస్తున్నది నేనే అన్నా.

నీ చెల్లె