తెర ముంగట కొట్టిన కొబ్బరికాయ

గడ్డపోతారం,
ఆగస్టు 2003.

చెల్లె వీరలక్ష్మికి అన్న నర్సింహ దీవించి రాసేది. ఈడ అమ్మ, నేను మంచిగనే ఉన్నం, అమ్మ మోకాళ్ల నొప్పులు తప్ప. మద్రాసుల నువ్వు యాళ్లకు తింటున్నవనే అనుకుంటున్న.

నీ ఉత్తరం అందింది. "మా ఆఫీసోళ్లు చేసిన పామును చూసి జనం నోరు తెరిసిండ్రా? లేకుంటే ఈ గ్రాఫిక్స్ కొలువు ఇడిసిపెట్టి వచ్చి మన పొలంల నాట్లేస్త" అని రాసినవు. ఉన్నదున్నట్టు చెప్త, కోపం చేసుకోకు.

శుక్రవారం అమ్మను మీ సినిమాకు సంగారెడ్డి టాకీసుకు తోల్కపోయిన. అమ్మవారి సినిమా అంటే ఆమె సంగతి నీకెరికే గద. చెప్పులు బయటనే ఇడిసింది. దేవత రాంగనే కొట్టాలని కొంగుల కొబ్బరికాయ కట్టుకొచ్చింది. ఎనకట ఇట్లాంటి సినిమాలకు హాలంతా హారతులే. ఇప్పుడు గట్ల లేదు. దేవత ఆకాశమంత పెరిగింది, పాము పడగ ఇప్పింది, నా పక్కనోళ్లు "అంతా కంప్యూటరే" అనుకుంట పల్లీలు నమిలిండ్రు. అమ్మ గూడ కాయ తియ్యలే. "దేవత గింత లొల్లి చేస్తదార?" అన్నది. నాకు నవ్వొచ్చింది గని, నీ మొఖం యాదికొచ్చి ఆగిపోయింది.

ఇంటర్వెల్ అయినంక హీరోయిన్ నీళ్లకు పోయే సీను, నిమిషం గూడ లేదు. వాగు పారుతున్నది, అడుగున గులకరాళ్లు కనబడుతున్నయి, చిన్న చేపలు తిరుగుతున్నయి. అమ్మ లేచింది. గుంజినా ఆగలే. తెర ముంగటికి పోయి, కొత్తనీళ్లు వచ్చినప్పుడు మన వాగుకు మొక్కినట్టే మొక్కి, గచ్చు మీద కాయ కొట్టింది. నేను సిగ్గుతోని తలకాయ వంచుకున్న. ఒక్కరు గూడ నవ్వలే. పల్లీలు నమిలేటోళ్లు సుత నమలుడు ఆపి తెర దిక్కే చూసిండ్రు.

ఆ వాగు ఒక్కటే నిన్ను కంప్యూటర్ల చెయ్యమన్నరని, దాన్ని ఎవరు చూస్తరని రాసినవు గద. చూసిండ్రు చెల్లె.

ఇగ ఇన్నొద్దులు దాసిన ముచ్చట. నువ్వు పోయినంక మన వాగుల నీళ్లు ఎర్రగ, నురుగుతోని వస్తున్నయి. పైనున్న ఫ్యాక్టరీలోళ్లు మురికి ఇడుస్తున్నరు. ఏసిన నాటు చచ్చిపోయింది, బర్లను గూడ అటు పోనిస్తలేం. అందుకే నేను డ్యూటీకి ఎక్కిన, అది గూడ ఆ ఫ్యాక్టరీలనే. నువ్వు ఇంటే ఉరికొస్తవని చెప్పలే. పొలం పడావు పడ్డది. నాట్లకని రాకు, ఆ కొలువు ఇడువకు.

ఒక్కటే పరేషాన్. దేవత, పాము కంప్యూటర్ల చేసినయని అమ్మకు ఎరికే. ఆ వాగు మాత్రం యాడనో ఉన్నదనుకుంటున్నది. రోజూ అడుగుతది, "అది ఏ ఊరి వాగురా? బస్సు పోతదా? ఒక్కపారి కాళ్లు కడుక్కొని వస్త" అని. నేను డ్యూటీ యాళ్లయిందని బయటికొస్తున్న. ఏం చెప్పమంటవో నువ్వే రాయి.

ఇట్లు,
నీ అన్న
నర్సింహ