గడ్డిలో నల్ల పైపు

అమ్మలూ,

ఇంటికొచ్చి గంటయింది, తడిసిన చీరైనా మార్చుకోకుండా నీకు రాస్తున్నాను. నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

మనం ముందున్న ఘుబ్రాలో, స్కూల్లో నీకు బహుమతిగా వచ్చిన ప్రెయిరీ పుస్తకం, అమెరికా గడ్డిమైదానాల బొమ్మలది, గుర్తుందా? నడుమెత్తు గడ్డి, అందులో అడవిదున్నలు, బొరియల అంచున నిలబడి చూసే ఉడుతల్లాంటి జంతువులు. "ఇంత గడ్డికి నీళ్లెవరు పెడతారమ్మా?" అన్నావు. ఎవరూ పెట్టరు, వానకి అదే మొలుస్తుందన్నాను. "అబద్ధాలు!" అని, మన రోడ్డు పక్క గడ్డికి నీళ్లు పెట్టే నల్ల పైపు లాంటిదాని కోసం ప్రతి బొమ్మలోనూ వేలితో వెతికావు. ఆస్పత్రి మంచం మీద కూడా వెతుకుతూనే ఉన్నావు. నా మాట నమ్మకుండానే వెళ్లిపోయావు.

మీ నాన్నగారికి ఈ దేశపు దక్షిణపు కొసనున్న రైసూత్ రేవుకి బదిలీ అయింది. ఇవాళ నీకు ఎనిమిదేళ్లు నిండాల్సిన రోజు. ఇంట్లో ఉండలేక కారులో కొండెక్కాం. ఒక మలుపు తిరిగేసరికి అంతా మారిపోయింది. ఇదీ ఒమానేనా! ఇసుక లేదు, బోడిరాళ్లు లేవు. ఈ కొండలకి మాత్రమే వచ్చే వానాకాలపు సన్నటి తుంపరలో కనుచూపు మేరా పచ్చగడ్డి, పొట్టల దాకా మునిగి మేస్తున్న ఆవులు.

కారు ఆగీ ఆగకముందే దిగేశాను. లోపల క్యాసెట్ పాడుతూనే ఉంది. నేను మోకాళ్ల మీద కూర్చుని గడ్డి దుబ్బులు విడదీస్తుంటే మీ నాన్నగారు కంగారుగా వచ్చారు.

"ఏం పారేసుకున్నావే?"

"పైపండీ."

ఆయన నవ్వలేదు. ప్యాంటు తడుస్తున్నా నా పక్కనే కూలబడి, రెండు చేతులతో వెతికారు.

లేదు అమ్మలూ. ఎక్కడా లేదు.