పలక మీద బొట్టు

కోరమండల్,
శుక్రవారం

చిరంజీవి వినుతకు అవ్వ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. నా మోకాలి సంగతి అడిగినావు, నొప్పి అలాగే ఉంది. బీపీ మాత్ర మరవడం లేదు. ఫోనులో నాకు వినబడదని నువ్వు ఓపికగా కాగితం రాస్తావు గానీ, చదివిన కొద్దీ అయోమయమే.

మాలూరులో నువ్వు కలిపే మందుకు సోంపు వాసన వస్తుందన్నావు. మూతికి గుడ్డ కట్టుకుంటున్నావా? మీ తాత ఇక్కడి బంగారు గని దుమ్ముకు దగ్గిన దగ్గు నా చెవుల్లోనే ఉంది. ఆ మందును పలక మీద పలుచగా పూస్తారని, బెంగళూరు మిషను దాని మీద కిరణంతో గీస్తుందని, కిరణం తగిలిన చోట మాత్రమే మందు కడిగితే పోతుందని రాసినావు. సిరా లేని రాత ఏమిటో, వెంట్రుకలో వెయ్యో వంతు గీత ఎవరికి కావాలో! మూడుసార్లు చదివినాను.

ఒక్కటి మాత్రం అర్థమైంది. పండగ తర్వాత రాయించిన పలకల్లో గీతలు తెగినాయి, మీ భూతద్దం తీసిన బొమ్మలో ఏవో చుక్కలు కనబడినాయి. నీ మందే చెడ్డదని మీ సారు సోమవారం ఆ పని ఆపేయిస్తాడు. రెండేళ్ల కష్టం.

రోజూ రైలుకు పోయే పక్కింటి పాండును అడిగినాను. "అంత సన్న గీతలో కుంకుమ రేణువు పడితే ఏమవుతాదిరా?"

"రోడ్డు మీద మన గని సైనైడు మట్టి దిబ్బ వచ్చి కూర్చున్నట్ల అవ్వా! ఇంగ బండ్లు యాడ పోతాయి?" అని నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంతవరకు చెప్పలేదు తల్లీ. ఆయుధపూజకు ఇంటికి వచ్చినప్పుడు, మర్నాడు బెంగళూరుకు తీసుకుపోవాల్సిన పలకల పెట్టె నువ్వు అల్మారాలో పెట్టి స్నానానికి పోయినావు. మీ తాత గని దీపానికి ఏ ఏడూ బొట్టు మానలేదు నేను. నీ పనిముట్టుకు మాత్రం వద్దా? పెట్టె మీద పెడితే పూజ పెట్టెకే చేరుతుందని మూత తీసినాను. ఒక్కో పలక మూలన చుక్కంత పసుపు, కుంకుమ. "ముట్టుకోవద్దవ్వా" అని నువ్వన్నది అప్పుడు గుర్తొచ్చింది. గాబరాగా కొంగుతో తుడిచి మూసేసినాను. కంటికి శుభ్రంగానే ఉండె. బొట్టు పెట్టింది తప్పో, తుడిచింది తప్పో, పెట్టె ఎవరైనా తీసినారా అని నువ్వు కాగితంలో అడిగినప్పుడు నోరు మూసుకున్నది తప్పో, ఏదీ తేలడం లేదు.

నీ మందు మీద మాట పడనీయకు. ఈ కాగితం మీ సారుకు చూపించు. మనింటి కుంకుమ చిటికెడు పొట్లం కట్టినాను, రేపు పాండు రెండూ మాలూరు స్టేషనులో నీ చేతికిస్తాడు. ఆ చుక్కల బొమ్మ పక్కన పెట్టి మీ భూతద్దంలో పోల్చుకోమను.

పొట్లం మాత్రం పలకల గదిలో విప్పవద్దు.

ఇట్లు,
ముట్టుకోవద్దన్నది ముట్టుకున్న నీ అవ్వ
మునివెంకటమ్మ