పుంగనూరు వాన లెక్క

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఆరేండ్లు. నిన్న ఒక సైంటిస్టు మనింటికి వచ్చినాడు. కుప్పం మనిషే, బెంగళూరులో పని. సముద్రం వేడెక్కేకొద్దీ తుఫాన్లు మునుపటికంటే ఎక్కువ వాన కురిపిస్తాండాయా అని ఆయన పరిశోధన. అందుకని మదనపల్లి, కుప్పం, పుంగనూరు పాత వాన రిజిస్టర్లు తిరగేస్తాండాడు. పుంగనూరులో రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు వాన కొలిచి రాసింది నువ్వే కదా.

తొంభైల నాటి ఒక పేజీ మీద వేలు పెట్టి, "ఈ తుఫానుకు చుట్టుపక్కలంతా కుండపోతమ్మా. ఈడ సగమే ఉండాది, యాల?" అనడిగినాడు.

ఆ పొద్దు నీకు జొరం. వాన కొలవమని నన్ను తాలూకాఫీసుకు పంపిస్తివి. బురదలో కాలు జారి, వాన పట్టే సీసాలో నీళ్లు సగం ఒలకబోసినాను. మిగిలింది కొలిచి, అదే అంకె నీకు చెప్పినాను. నువ్వు మారుమాట అడక్కుండా రాసి సంతకం పెడితివి.

నిన్న ఇదంతా చెప్పాలనే నోరు తెరిచినాను.

"మా నాయనకు అప్పటికే చూపు ఆనేది కాదప్పా," అంటిని.

"అయితే ఆ తర్వాత రాసినవి కూడా నమ్మలేమమ్మా," అని ఆయన తన నోటుబుక్కులో ఆ పొద్దు నుంచి నీ లెక్కలన్నీ ఒక్కొక్క ఏడాదీ కొట్టేసుకుంటా పోయినాడు. నేను కాఫీ కలిపి ఇచ్చినాను.

నువ్వు పోయే ముందురోజు కూడా, నా సూదిలోకి దారం ఎక్కించింది నువ్వే.