గూట్లో నూలు పరచకండి

పొద్దున కోడి కింద కిచకిచ వినగానే మీకు ఫోన్ చేశాను. మగ్గాల చప్పుడులో వినపడలేదేమో, అందుకే ఈ చీటీ. గుడ్లు పగిలాయి, పిల్లలు బయటికొచ్చాయి.

మీరు రాగానే చక్రాల గూడును కదపకండి. ముందు అడుగున ఉన్న నూలు చిక్కంతా తీసేయండి. మెత్తగా ఉంటుందని దుప్పట్ల కార్ఖానా నుంచి మీరు తెచ్చారు, నేను మురిసిపోయి పరిచాను. మధ్యాహ్నానికి ఒక పిల్ల కాలికి పోగు బిగుసుకుని కాలు నీలంగా వాచింది. అత్తమ్మ బ్లేడుతో కోసి తీసింది. "నీ మొగడు కోడిపిల్లలకు గూడ చద్దర్ నేస్తుండా ఏందే?" అని నవ్వింది. ఆ పిల్లను పశువుల దవాఖానకు తీసుకుపోతున్నాను. మిగతావాటి కాళ్లు మీరే చూడండి. నాకు ధైర్యం చాలలేదు.

నూలు తీశాక అడుగుకు ఇనుప జాలీ వద్దు. గూడు లాగేటప్పుడు సందుల్లో కాళ్లు ఇరుక్కుంటాయి. చెక్క పలకలే మేలు, వాటిమీద చెక్కపొట్టు. భవాని పేట్ వడ్రంగి ఇస్తానన్నాడు.

ఇంకొకటి. ఈ పిల్లకు పేరు పెట్టాలని ఉంది, పెట్టాలంటే భయంగానూ ఉంది. కాలు దక్కినా దక్కకపోయినా, రేపు మీరు షిఫ్టుకు పోకముందే ఇద్దరం కలిసి పలకలు కొడదాం.