సీమోను చదివిన ఏడు ఉత్తరాలు

కొమరోలు,
కంభం తాలూకా, కర్నూలు జిల్లా.
1934 మార్చి 14, బుధవారం.

దొనకొండ రైలు స్టేషన్‌లో పాయింట్సుమన్ పని చేసే తమ్ముడు సీమోనుకు,

కొమరోలు యల్లయ్య దీవించి రాసుకున్న ఉత్తరం. ఇక్కడ నేను, నా గొర్రెలు బాగున్నాము. అక్కడ నువ్వు, నీ భార్య, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను. మీ అమ్మ సువార్తమ్మకు చూపు ఆనడం లేదు గానీ కర్ర పట్టుకొని పాలెమంతా తిరుగుతూనే ఉంది. ఆ మాట ముందే రాసింది, ఈ ఊరి ముద్ర చూడగానే ఏం కీడు కబురో అని నీ గుండె జారకూడదని.

ఈ అక్షరాలు ఎవరివో అని చూస్తున్నావేమో. నావే. ఎవరితోనూ రాయించలేదు. వంకరలున్నాయి, ఒత్తులు తప్పుతాయి, ఓర్చుకొని చదువు. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

నిన్ను తమ్ముడూ అని పిలిచి పద్నాలుగేండ్లు దాటింది. పెద్ద యుద్ధానికి పోయి బస్రాలో ఉన్న మూడేండ్లూ అట్లనే పిలిచినా. పటాలం కంచరగాడిదలను కాసే లైనులో ఇద్దరం ఒకే పళ్ళెంలో తిన్నాము, చలికి ఒకే కంబళి కప్పుకున్నాము. నేను గొల్లోణ్ణి, నువ్వు పాలెం కిరస్తానపోడివి అని అక్కడ మనిద్దరికీ తట్టలేదు. తిరిగి వచ్చి ఈ గడ్డ మీద కాలు పెట్టినాక నేను నిన్ను పేరు పెట్టి కూడా పిలవలేదు. ‘వాడు’ అన్నాను. ఊరంతా తిరిగి, పాలెం పెద్దల దగ్గర, చివరికి మిషను దొరగారి గుడారం ముందర నిలబడి చెప్పినా: ‘వాడు అబద్ధాలకోరు. నా పెండ్లాం, బిడ్డ చచ్చిపోతే నాకు చెప్పకుండా సంవత్సరం దాచినాడు. వాడి చేతికి పిల్లకాయలను ఇస్తే ఏం నేర్పుతాడు?’ అని. పాలెం బడికి నిన్ను అయ్యవారుగా వేయాలని అంతకు ముందే అనుకున్నారంట. నా మాటతో ఆ పని పోయింది. నువ్వు పెట్టె తలకెత్తుకొని పోయినావు. మళ్ళీ ఈ ఊరు తొక్కలేదు.

ఆ తర్వాత నా సంగతి నీకెవరైనా చెప్పినారో లేదో. నేను మళ్ళీ పెండ్లి చేసుకోలేదు. ఇల్లు రెండో వానకే కూలింది, ఎత్తించలేదు. ఊరికి పడమర రాళ్ళమిట్ట మీద గొర్రెల దొడ్డి పక్కన బోదకొట్టం వేసుకున్నా. ఊళ్ళో నన్ను బస్రా యల్లయ్య అంటారు. ఉప్పుకు, జొన్నలకు దుకాణానికి పోతే మాట్లాడతాను, లేకుంటే వారం పది రోజులు మనిషితో మాట ఉండదు. ఒక్కోసారి గొర్రెను అదిలిస్తే నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది.

నీ మీద కోపంతోనే నేను చదువు నేర్చుకున్నా. ఇక ఈ జన్మలో ఒకరితో ఉత్తరం చదివించుకోకూడదని ఒట్టు పెట్టుకున్నా. నాకు రాసేవాళ్ళు ఎవరున్నారని మాత్రం ఆలోచించలేదు. నీ బదులు బడికి వచ్చిన శాంతయ్య అయ్యవారు మంచివాడు. బడి వెనక గొర్రెలను తోలుకొని పోయి, కిటికీ బయట కూర్చొని, లోపల పిల్లకాయలు అరిచేవన్నీ ఇసుకలో దిద్దేవాణ్ణి. నలభై ఏండ్ల మనిషి ఎండలో కూర్చొని అ ఆలు దిద్దుతుంటే నవ్వినోళ్ళు నవ్వినారు. మూడు వానాకాలాలు పట్టింది. పోయిన కార్తీకంలో ఒకరోజు శాంతయ్య పలక నా చేతికిచ్చి, ‘ఇంక నీకు నేను చెప్పేదేమీ లేదు యల్లయ్యా, ఏదైనా కాగితం తెచ్చి చదువుకో’ అన్నాడు.

నా దగ్గర ఉన్న కాగితాలు ఏవో నీకు తెలుసు. బస్రాలో నువ్వు చదివి నా చేతికిచ్చిన ఉత్తరాలు. పాత తలగుడ్డలో కట్టి, కొట్టం వాసానికి వేలాడదీసి ఉంచినా. పద్నాలుగేండ్లలో ఒక్కసారి విప్పలేదు. పారేయలేదు కూడా.

పైన ఉన్నవి కరణం గోవిందయ్య గారి చేతిరాత. నా పెండ్లాం అలివేలు బతికున్నప్పుడు చెప్పి రాయించినవి. అవి చదివినా. తర్వాత ఆ చివరి ఏడు తీసినా. అలివేలు పోయినాక, ఆమె రాయించినట్లు నువ్వు కల్పించి చదివినవి. అందులో తెల్లకాగితాలు ఉంటాయో, ఏ ఆఫీసు చెత్తో ఉంటుందో అనుకున్నా. మొదటిది విప్పి, వేలు పెట్టుకొని చదివినా. ‘నా కొడుకు సీమోనుకు, అమ్మ సువార్తమ్మ ముద్దులు పెట్టి రాయించేది’ అని ఉంది.

తప్పు చదివినానేమో అని మళ్ళీ చదివినా. రెండోది తీసినా. ‘నా కొడుకు సీమోనుకు.’ మూడోదీ అంతే. ఏడూ అంతే. తమ్ముడూ, లైనులో అందరూ నిన్ను చూసి జాలిపడేవాళ్ళు గుర్తుందా? టపా సంచి వచ్చినప్పుడల్లా నువ్వు చేతులూపుకుంటూ వచ్చి, ‘మా అమ్మ నన్ను మర్చిపోయింది’ అని నవ్వేవాడివి. నీకు వచ్చినవన్నీ నాకిచ్చి నవ్వేవాడివి.

అంతటితో అయిపోలేదు. ఆ మొదటి ఉత్తరమే ఇంకా చదివినా. ‘మీ నాయన అబ్రహాము ఈ విషజ్వరంలో ప్రభువు దగ్గరికి పోయినాడు. మూడు రోజులే మంచంలో ఉన్నాడు. నీ పేరు పిలిచినాడు. ఊళ్ళో పాడె మోసేవాళ్ళు కూడా కరువైనారు’ అని ఉంది.

ఆ రోజు నాకు బాగా గుర్తు. రెండు ఉత్తరాలు ఒకే టపాలో వచ్చినాయి. నేను ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగు రోజులైంది, కాళ్ళల్లో బలం లేదు. కంభం పక్క మనిషి ఒకడు ఇంటి నుంచి చావు కబురు విని మూడో నాడు నదిలో దిగిపోయినాడు, ఆ సంగతి ఇంకా లైనులో అందరి నోళ్ళల్లో ఉండె. నువ్వు కరణం గారి కాగితం చూసినావు, మడిచి జేబులో పెట్టుకున్నావు, ‘ఇది నాది’ అన్నావు. రెండోది విప్పినావు. ఖర్జూరపు చెట్టుకు ఆనుకొని కూర్చొని చదివినావు: ‘మన నల్లగొర్రెకు రెండు పిల్లలు పుట్టినాయి. మన బిడ్డ నడక నేర్చింది. నువ్వు వేళకు తిను, చలికి చెవులకు గుడ్డ కట్టుకో.’ నీ గొంతు వణకలేదు. నాకేం తెలుసు, నువ్వు చదివిందే నాకు వేదం. నేను నవ్వుకుంటూ, ‘రెండూ ఆడవేనా, పోతులా?’ అని అడిగినా. నువ్వు కాగితం వైపు చూసి, ‘ఒకటి ఆడది, ఒకటి పోతు’ అన్నావు.

నీ కండ్ల ముందర ఉన్నది మీ నాయన చావు. నా పెండ్లాం, బిడ్డ చావు నీ జేబులో ఉంది. ఆ రెంటి మధ్య కూర్చొని నాకు గొర్రెపిల్లల లెక్క చెప్పినావు.

ఇది తెలిసిన మరుసటి వారమే దొనకొండ వచ్చినా. నీకు తెలియదు. గిద్దలూరు దాకా నడిచి రైలెక్కినా. స్టేషన్‌లో సిమెంటు బెంచీ మీద కూర్చున్నా. నువ్వు జెండాలు చంకలో పెట్టుకొని వచ్చినావు. వెంట్రుకలు నెరిసినాయి, కుడికాలు కొంచెం ఈడుస్తున్నావు. నా ముందర ఆగి, ‘ఏ ఊరు పోవాల పెద్దాయనా?’ అన్నావు. గడ్డం పెరిగి, కంబళి కప్పుకొని ఉన్నా గదా, గుర్తు పట్టలేదు. ‘గిద్దలూరు’ అన్నా. ‘బండికి ఇంకా గంటుంది, ఎండన పడి వచ్చినట్లుంది, నీళ్ళు తాగుతావా?’ అని, అంతలోనే ఆగి, ‘నేను కిరస్తానపోణ్ణి, నీకు పట్టింపు ఉంటే అటు పంపు ఉంది’ అన్నావు. నేను చెయ్యి చాపినా. చెంబెడు నీళ్ళు తాగినా. నా పేరు చెప్పాలని వచ్చి, ఖాళీ చెంబు నీ చేతికిచ్చినా. నీ కూతురు కాబోలు, ఎనిమిదేండ్ల పిల్ల, సద్దిగిన్నె తెచ్చింది. దానితో నవ్వుతూ పోయినావు. నేను బండెక్కి వచ్చేసినా.

ఆ తర్వాత చాలా రోజులు దొడ్డి దాటి పోలేదు. గొర్రెలు వాటికవే మేసి వచ్చేవి. శాంతయ్యే వెతుక్కుంటూ వచ్చినాడు. ఉత్తరాలు అతనికి చూపినా. చదివి, కండ్లద్దాలు తీసి తుడుచుకొని, ‘ఇది నాకు చెప్పి ఏం లాభం? ఎవరి ముందర అన్నావో వాళ్ళ ముందర చెప్పాల’ అన్నాడు.

పోయిన ఆదివారం పాలెం గుడికి పోయినా. ఆరాధన అయిపోయినాక శాంతయ్య అందరినీ కూర్చోమన్నాడు. నేను వాకిట్లో నిలబడి, ‘సీమోను మీద నేను చెప్పింది తప్పు. నా ప్రాణం కాపాడాలని సొంత తండ్రి చావును మింగి కూర్చున్నాడు. అతనికి రావాల్సిన బడిని నేను పోగొట్టినా’ అని చెప్పినా. ముసలోళ్ళు కొందరు తల తిప్పుకున్నారు. దేవదాసు అనే పెద్దమనిషి మాత్రం, ‘ఇప్పుడు చెబితే ఆ పిలగాని వయసు తిరిగొస్తదా?’ అని లేచి వెళ్ళిపోయినాడు. అతను అన్నదాంట్లో తప్పు లేదు.

మీ అమ్మ ముందు వరుసలో కూర్చొని ఉంది. ‘ఎవరది?’ అంది. ‘బస్రా యల్లయ్యను పెద్దమ్మా’ అన్నా. దగ్గరికి రమ్మంది. ఆమె ముందర కూర్చొని ఏడు ఉత్తరాలూ వరసగా చదివి వినిపించినా. కాగితంలో ఉన్నది ఉన్నట్లు. నీ నాయన ఉత్తరం దగ్గర నేను ఆగితే, ‘చదువు’ అంది.

అయినాక, ‘వాళ్ళ నాయన పోయినాడని రాయిస్తే, అందింది అని ఒక్క ముక్క రాసినాడు. ఏడ్చినాను అని రాయలేదు. వీడికి ఇంత రాతిగుండె ఎట్ల వచ్చిందా అని ఇన్నేండ్లు లోపల పెట్టుకున్నా నాయనా’ అంది.

‘ఏడ్వడానికి నేను సందియ్యలేదు పెద్దమ్మా. ఎదురుగా కూర్చొని, ఇంకా చదువు, ఇంకా చదువు అన్నాను’ అన్నా.

ఆమె నా చెయ్యి పట్టుకొని, నీ చెయ్యి అనుకున్నదో ఏమో, వేళ్ళన్నీ తడిమి చూసింది. ‘వాణ్ణి రమ్మని రాయి. నేను రైలెక్కే దాన్ని కాదింక’ అంది. అందుకే ఈ ఉత్తరం.

ఏడు ఉత్తరాలూ గుడ్డలో కట్టి, దీనితో పాటు రిజిస్టరు చేసి పంపుతున్నా. అవి నీవి. నీకు రావాల్సిన నాడు రాలేదు. వచ్చి మీ అమ్మను చూసిపో. నన్ను చూడాలని లేకుంటే, నువ్వు ఉన్నన్ని రోజులు నేను గొర్రెలను కొండ వైపు తోలుకొని పోతా, ఎదురుపడను. చూడాలని ఉంటే, రాళ్ళమిట్ట మీద పొగ లేచే కొట్టం ఒకటే ఉంటుంది. నా ఇంట్లో కూర్చొని నా పళ్ళెంలో తిందువు.

నీ పిల్లలకు నా ముద్దులు.

ఇట్లు,
నీ మేలు ఎరగని అన్న,
యల్లయ్య

తా.క.: రాసింది మొత్తం చదువుకున్నా. ఒకచోట ‘నాకేం తెలుసు’ అని రాసి ఉంది. అది అబద్ధం. కొట్టేస్తే మళ్ళీ దాచినట్లే అవుతుందని అట్లనే ఉంచినా. గుడిలో కూడా ఈ మాట చెప్పలేకపోయినా. నీకు చెప్పాల.

అలివేలు లేదని నాకు బస్రాలోనే తెలుసు. ఆమె తిట్టకుండా ఉత్తరం రాయించే మనిషి కాదు. ‘ఎవరు పొమ్మన్నారు నిన్ను, నీ గొర్రెలు నేను కాయాల్నా, వస్తే గడప తొక్కనియ్య’ అని ప్రతి దాంట్లో ఉండేది. నువ్వు సిగ్గుపడుతూ చదివేవాడివి. ఆ ఏడింట్లో మొదటి దాంట్లో తిట్టు లేదు. రెండోదాంట్లో లేదు. మూడోది విన్న రోజు, పక్క లైనులో తెలుగు చదవగలిగిన హవల్దారు ఉంటే, ఆ కాగితం తీసుకొని అతని డేరా దాకా పోయినా. డేరా వాకిలి గుడ్డ పట్టుకొని నిలబడినా. లోపలికి పోకుండా తిరిగి వచ్చి, నిన్నే మళ్ళీ చదవమన్నా. నువ్వు మళ్ళీ చదివినావు. మొదటిసారి చెప్పినట్లు లేదు, మాటలు మారినాయి. నేను విన్నా. మిగిలిన నాలుగూ అట్లనే విన్నా. నీ నాయన సంగతి ఒక్కటే నాకు తెలియదు, అది ప్రమాణం చేసి చెబుతున్నా.

తిరిగి వచ్చేటప్పుడు దిగువమెట్టలో ఇంజను నీళ్ళు పట్టుకుంటుంటే, నువ్వు జేబులోంచి కరణం గారి కాగితం తీసి, నా కాళ్ళ దగ్గర కూర్చొని చెప్పినావు. నేను నిన్ను నోట్లోంచి రక్తం వచ్చేటట్లు కొట్టినా, నీ పెట్టె ప్లాట్‌ఫారం మీదికి విసిరినా. దాచినందుకు కొట్టినాను అని అందరికీ చెప్పినా. దాచినందుకు కాదు తమ్ముడూ. చెప్పినందుకు. గిద్దలూరు ఇంకా అరగంట ఉండె. ఆ అరగంట కూడా వాళ్ళిద్దరూ బతికి ఉండేవాళ్ళు.