నీ జవాబు కోసం ఆగిన మోటార్లు

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఉదయం తనకల్లు రైతు ఓబులేసు గొడ్డలి పట్టుకుని అనంతపురంలోని మన ఆఫీసుకు వచ్చాడు. ఎండిన టమోటా మొక్కలు నా బల్ల మీద విసిరి, నీ కంప్యూటరును నరికాడు. గాజుముక్క ఎగిరి నా కనుబొమ్మ చీరింది.

"నాలుగు దినాల నుంచి మోటరు తిరగల్యా. నిద్రపోతాండావేమ్మా?"

పొలాల మోటార్ల కోసం నువ్వు రాసిన ప్రోగ్రాములో, రైతు మోటారు వేసినప్పుడల్లా నీ ఫోనుకు ఒక మెసేజీ వెళ్తుంది; అది చేరినట్టు జవాబొస్తేనే మోటారు తిరుగుతుంది. ఆ రెండింటినీ విడదీద్దామని నేను కాగితం మీద రాసిస్తే నవ్వావు. "దానికీ దీనికీ పొత్తు లేకుంటే మోటరు తిరిగేది నాకెట్ల తెలుస్తాది పాపా?" అన్నావు. నేను మళ్లీ అడగలేదు. నువ్వు పోయాక ఏడాదిగా నీ ఫోనుకు చార్జింగ్ పెడుతూ వచ్చాను. నాలుగు రోజుల కిందట నీ నంబరు రద్దయింది. తెలిసీ, ప్రోగ్రాములోంచి దాన్ని చెరపడానికి నాకు చేతులాడలేదు.

ఇదంతా ఓబులేసుకు చెప్పాను. రెండో వేటు నా చేతి పక్కనే బల్లలో దిగింది.

"మీయన్న సచ్చిపోతే నా చేనెందుకు సావల్ల?"

రక్తం తుడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. మెసేజీని మోటారు నుంచి తెంచి వేరుగా పెట్టాను. ఇక అది చేరకపోయినా మోటారు ఆగదు. నీ నంబరు చెరిపాను. ఓబులేసు ఇంటికి ఫోను చేశాడు.

"నీళ్లొస్తాండాయి," అంది అతని భార్య. "చెట్లన్నీ ఎండిపాయె, ఇంగ దేనికి పెట్టల్ల?"

అతను బల్లలోంచి గొడ్డలి పెరుక్కున్నాడు.

"పది నిమిషాల పని గదమ్మా ఇది," అన్నాడు.

అవునన్నాను.